కెజియా పంతులమ్మ రాసిచ్చిన సాక్ష్యాలు

నరకానికి పోవడానికి మా స్టోనీఫెర్రీలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరలోకానికి మాత్రం కాగితం కావాలి.

ఆ కాగితాన్ని సాక్ష్యం అంటారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకోవాలంటే మంచివాడివైతే చాలదు, పెళ్ళాన్ని కొట్టకపోతే చాలదు, పదేళ్ళుగా ప్రసంగంలో కునుకు తీయకపోయినా చాలదు. దేవుడు నిన్ను ఏ రోజు పట్టుకున్నాడో, ఎక్కడ పట్టుకున్నాడో, ఏ వాక్యంతో పడగొట్టి ఏ వాక్యంతో లేపాడో కాగితం మీద పెట్టించి, ఆదివారం నాడు సంఘమంతటి ముందూ చదివించుకోవాలి. సంఘం విని, కాసేపు దగ్గి, తలలూపితే నువ్వు లోపలివాడివి. లేదంటే బల్ల ఆదివారం ప్రసంగం కాగానే టోపీ తీసుకుని బయటికి నడవాలి.

నేను బార్బడోస్ పంచదార ఓడల్లో తిరిగినవాణ్ణి. లిస్బన్‌లో జనం పునీతుల బొమ్మలను భుజాల మీద ఊరేగిస్తుంటే దారివ్వడానికి గోడకు అతుక్కుపోయినవాణ్ణి. దేవుడి దారిలో మనుషులు కట్టుకున్న సుంకపు గేట్లు చాలానే చూశాను. వాటిలో మాది అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే కష్టమైనది. రాగి నాణెం కూడా అక్కర్లేదు. నీకు ఏదో ఒకటి జరిగి ఉంటే చాలు.

మా పెదనాన్న కూతురు కెజియా త్రాల్‌కు ఏమీ జరగలేదు.

ఆవిడ ఊరికి పంతులమ్మ. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు పన్నెండు మంది ఆవిడ వంటింట్లో బల్లల మీద కూర్చుని, నోటితో అక్షరాలు వల్లిస్తూ చేత్తో మేజోళ్ళు అల్లేవారు. ఏ చెయ్యి ఆగినా ఆవిడ చెవికి తెలిసేది. చేతిరాత మాత్రం ముత్యాల కోవ. నేను ఏడాదిలో ఎనిమిది నెలలు బొత్తాలు, దువ్వెనలు, పంచాంగాలు మూట కట్టుకుని ఊళ్ళు తిరిగి, చలి మొదలవగానే ఆవిడ అటక మీదికి చేరేవాణ్ణి. అద్దెకు బదులుగా కాగితం, సిరా తెచ్చి ఇచ్చేవాణ్ణి. దిక్కులేని తమ్ముణ్ణి అని ఊరికి చెప్పేది. దిక్కులన్నీ తిరిగినవాణ్ణి అలా అనడం ఆవిడకే చెల్లింది.

ఆవిడ భర్త రోజర్ పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు. మా సంఘం పాస్టరుగారికి జీతంలో సగం కట్టెల రూపంలో ముడుతుంది. ఒక మార్చిలో తన వంతు కట్టెలు జారుబండి మీద వేసుకుని, గడ్డకట్టిన నది మీదుగా ఎద్దులను తోలుకొస్తున్నాడు రోజర్. ఇంకో వారం గట్టిగానే ఉంటుందని ఊరంతా అనుకున్న మంచు ఆ పూటే విరిగింది. ఎద్దులు కూడా దొరకలేదు. ఈ ఒడ్డున కట్టెల కోసం చూస్తున్న పాస్టరుగారు, ఆ ఒడ్డున అన్నం గిన్నె మూటకట్టి ఇవ్వడం మరిచి వెనకాలే పరుగెత్తుకొచ్చిన కెజియా, ఇద్దరూ నిలబడి చూశారు.

పాస్టరుగారంటే రెవరెండ్ ఎలిఫలెట్ ట్రాస్క్. ఊరంతా అయ్యగారు అనేవారు. పొడుగ్గా, వంగి, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండే మనిషి. ఆయన ప్రసంగానికి పదిహేడు భాగాలు. పదకొండో భాగం దగ్గర ఒకసారి కొందరు లేచేవారు, ఇక ప్రార్థనే అనుకుని. అయినా ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు కనిపించేది ఆయన బూట్లే.

ఏటేటా కొత్త సంవత్సరంలో ఆయన ఇంటింటికీ వచ్చేవారు. మా పంచాంగంలో సంవత్సరం మార్చి చివర, బురదలో మొదలవుతుంది కాబట్టి గుమ్మం దగ్గర బూట్లు గీక్కుంటూనే అడిగేవారు.

"ఏమైనా జరిగిందా కెజియా?"

"ఏం జరగలేదండీ అయ్యగారూ."

"సరేనమ్మా. వచ్చే ఏడాది చూద్దాం."

ఇరవయ్యారేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. పెళ్ళికి ముందు అడిగారు, వైధవ్యంలో అడిగారు. మిగతా ఊళ్ళల్లో ఇలాంటి ఆడదాన్ని మొండిదనేవారు. ఆవిడ మొండిది కాదు. అబద్ధం రాయడం రాక ఆగిపోయింది. బల్ల ఆదివారం నాడు ప్రసంగం అవగానే లేచి, కాళ్ళ కింద పెట్టుకునే నిప్పుల పెట్టె పట్టుకుని, గుడి పక్కన, ప్రసంగాల మధ్య చలి కాచుకుని తినడానికి కట్టుకున్న మా ఆదివారపు గదిలోకి వెళ్ళి, శనివారం రాత్రి నుంచి పొయ్యిలో మగ్గుతున్న చిక్కుడు గింజల కుండ చూసుకునేది. లోపల అందరూ రొట్టె తింటుంటే బయట గింజలు మాడకుండా చూడటం కూడా ఒక పరిచర్యేనని నేనంటే, "నువ్వు మూసుకుని గరిటె అందుకో ఓబెదూ," అనేది.

ఇలా ప్రశాంతంగా ఎవరి నరకానికి వాళ్ళం పోతుండగా, పదిహేడు వందల నలభై ఒకటి జూలైలో జాబెజ్ ఫ్లింట్ వచ్చాడు.

అతను ఊరూరా తిరిగే ప్రసంగీకుడు. ఇరవై మూడేళ్ళు. ఎముకలు, గొంతు, అరువు గుర్రం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజుకు మూడు సార్లు చెప్పేవాడు. గుడి చాలక సంఘపు పెద్ద డీకన్ నహూమ్ బార్బర్ ఉల్లి పొలంలో బండి మీదికెక్కి చెప్పాడు. కాగితం లేదు, భాగాలు లేవు. నరకం ఎలా ఉంటుందో నిన్ననే అక్కడినుంచి వచ్చినవాడిలా చెప్పాడు. మొదటి రోజు ఆడవాళ్ళు పడిపోయారు. రెండో రోజు మగవాళ్ళు పడిపోయారు. మూడో రోజు నిలబడి ఉన్నవాళ్ళను జనం అనుమానంగా చూడటం మొదలుపెట్టారు.

నేను ఎగతాళి చేస్తున్నానని తెలుసు. ఆ ఏడు ఊళ్ళు తిరగడం మాని అక్కడే ఉండిపోయిన నేను కూడా, ఆ రెండో రోజు పట్టుకున్న కంచె వదల్లేకపోయాను. తర్వాత చాలా రోజులు ఆలోచించి, అది ఆ గొంతు మహిమే అనుకున్నాను. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు ఆలోచించాను. ఆ సంగతి అక్కడికి వదిలేద్దాం. లిస్బన్‌లో గంటలు మోగినప్పుడూ ఇలాగే అయింది, అక్కడ నేను మొక్కాల్సిన దేవుడు కూడా కాదు.

కెజియా మూడు రోజులూ వెళ్ళింది. ముందు వరసలో నిలబడింది. చుట్టూ ధాన్యం కోసినట్టు జనం పడుతుంటే నిటారుగా నిలబడి, తనకేమైనా అవుతోందేమోనని శ్రద్ధగా కనిపెట్టుకుని చూసుకుంది. పక్కన పడిన ఇద్దరి తలల కింద గుడ్డ మడిచి పెట్టి ఇంటికొచ్చింది.

"ఏమైనా జరిగిందా అక్కా?" అన్నాను.

"మెడ పట్టేసింది," అంది.

నాలుగో రోజు ఫ్లింట్ ఇంకో అరువు గుర్రమెక్కి, సంచిలో ఆరు జున్నుముద్దలతో పక్క ఊరికి పోయాడు. గాలివాన వచ్చి పోతుంది. కొమ్మలు ఏరుకోవాల్సింది ఊరివాళ్ళే. అరవై మూడు మంది రక్షణ పొందామని అయ్యగారి గుమ్మం ముందు నిలబడ్డారు. అంతకు ముందు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు, ఆయనే అడిగి రాసుకునేవారు. ఇప్పుడు ఆయన వేళ్ళు వాచి ఈక కలం నిలవడం లేదు.

"నా వేళ్ళు నా మాట వినడం లేదు. కెజియా దగ్గరికి వెళ్ళండి," అన్నారు.

అలా బల్లలోకి రానివ్వని మనిషే అందరికీ బల్లలోకి రావడానికి చీటీలు రాసిచ్చే పనిలో కూర్చుంది. మా ఊళ్ళో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. బట్టలు కుట్టేవాడు కోటు తొడుక్కోవాలని ఎక్కడుంది?

మొదట వచ్చింది సైలస్ ఓట్లీ. నలభై ఏళ్ళ రైతు. డీకన్ నహూమ్‌కు పొరుగువాడు, పగవాడు. ఇద్దరి పొలాల గట్టు మీద ఒక ఆపిలు చెట్టుంది. అది ఎవరిదన్న విషయంలో ఎనిమిదేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు.

"ఏ రోజు జరిగింది సైలసూ?" అంది కెజియా, కలం ముంచి.

"అదే పంతులమ్మా, ఆయనొచ్చినప్పుడు."

"మూడు రోజులున్నాడు."

"మధ్యది పెట్టు. మధ్యదైతే బావుంటుంది."

"ఎక్కడ?"

"కొట్టంలో. ఆవు దగ్గర కూర్చున్నా."

"ఏ వాక్యం తగిలింది?"

"నువ్వే ఒకటి చూసి పెట్టమ్మా, పుణ్యముంటుంది. మరీ పొడుగుది వద్దు. రేపెవరైనా అడిగితే అప్పజెప్పలేను."

కెజియా కలం కింద పెట్టింది. "వాక్యం సంగతి అటుంచు. నీకు అసలు ఏమనిపించింది?"

సైలస్ మొరటు మనిషి, టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు. "ఏదో విరిగినట్టనిపించింది పంతులమ్మా. ఆవుకు ఆనుకుని ఏడ్చా. అది కూడా కదల్లేదు. అంతకు మించి నాకు చెప్పడం రాదు."

ఆవిడ కాసేపు కిటికీలోంచి నది వైపు చూసింది. తర్వాత రాసింది: మార్చి నెలలో నది మీద మంచు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క చప్పుడుతో విరిగినట్టు నా గుండె విరిగింది, కింద ఇన్నాళ్ళూ నీళ్ళు పారుతూనే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

చదివి వినిపిస్తే సైలస్ ముక్కు తుడుచుకున్నాడు. "అదే. నేను అనబోయింది సరిగ్గా అదే. నీకెలా తెలిసింది?"

ఆదివారం నాడు అయ్యగారు ఆ కాగితం చదివారు. మంచు దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం ఆపి, అదే వరసను మళ్ళీ మొదటినుంచి చదివారు. కళ్ళజోడు మసకేసిందనుకున్నాం. సంఘం మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే కోరిక.

"నాకూ ఆ మంచు పెట్టు పంతులమ్మా."

"నీకు జరిగింది ఎండాకాలం కదా."

"అయితే ఏం? సైలసుకీ ఎండాకాలమే."

"నా చెల్లెలికి పెట్టి నాకు పెట్టకపోతే ఊళ్ళో ఏమనుకుంటారు?"

ఆకులు రాలే సరికి మా ఊళ్ళో నలభైకి పైగా గుండెలు మంచులా విరిగాయి. రొట్టెకు పులియబెట్టిన పిండిలాగా ఆ మాట ఇంటింటికీ అంటించుకుపోయారు. ముందు భయం, తర్వాత నిరాశ, తర్వాత వాక్యం, ఆఖర్న మంచు. ఆ వరస తప్పితే అది రక్షణ కాదేమోనని జనం దిగులుపడేవారు. కెజియా అందరినీ ఆ మూడు ప్రశ్నలే అడిగేది, ఓపిగ్గా. వాళ్ళు వెళ్ళాక పిల్లల మేజోళ్ళలో జారిన కుట్లు సరిచేసేది. ఒకసారి అంది: "అందరికీ జరిగిందిరా ఓబెదూ. చెప్పడం రాకపోయినా జరిగింది. సైలస్ అబద్ధమాడలేదు. నాకే చెప్పడం వచ్చు, జరగడం లేదు."

ఇక ఆపిలు చెట్టు. డీకన్ నహూమ్ బార్బర్ ఇరవై ఏళ్ళుగా బల్ల సభ్యుడే. కానీ ఊరందరూ కొత్త సాక్ష్యాలతో మెరిసిపోతుంటే తన పాతది వెలిసిపోయినట్టనిపించింది. మొదటిది సరిగా కాలేదు, ఈసారి నిజంగా అయిందంటూ మళ్ళీ రాయించుకున్నాడు. ఎక్కడ అని కెజియా అడిగితే, "నా ఆపిలు చెట్టు కింద. నా అన్న మాట మరిచిపోకు," అన్నాడు. ఆవిడకు గట్టు తగాదా తెలుసు. అయినా ఎవరు చెప్పింది వాళ్ళకు రాసివ్వడమే తన పని అనుకుంది. ఆవిడ చేసిన పొరపాటు ఏదైనా ఉంటే ఇది ఒక్కటే.

సంఘం ముందు చదివి ఎవరూ కాదనని మాట రేపు కోర్టులో కూడా నిలుస్తుందని మా ఊళ్ళో పసిపిల్లకూ తెలుసు. అయ్యగారు "నా ఆపిలు చెట్టు" అనగానే సైలస్ బల్ల మీదినుంచి లేచాడు.

"ఎవరి చెట్టూ?"

"కూర్చో సైలసూ, ఆత్మ సంగతి చదువుతున్నారు," అన్నాడు డీకన్.

"ఆత్మ నీదే, ఉంచుకో. చెట్టు మా తాత నాటాడు. నాకూ అక్కడే జరిగింది."

"నీకు కొట్టంలో జరిగిందిగా. ఊరంతా విన్నాం, ఆవుతో సహా."

"కొట్టంలో మొదలైంది. చెట్టు కింద పూర్తయింది. రాయించడం మరిచా."

అయ్యగారు కాగితం మడిచారు. జీవితంలో మొదటిసారి భాగాలు లేకుండా మాట్లాడారు. "ప్రభువు మీ ఇద్దరినీ ఆ చెట్టు కిందే కలుసుకున్నాడంటున్నారు కాబట్టి ఈ ఏడాది కాయలు ఆయనవి. ఊళ్ళో విధవరాళ్ళకు పంచుతాం. మీరిద్దరూ బుట్టలు మోయండి."

మోశారు. సంఘం ముందు చెప్పాక మొయ్యక చస్తారా. కెజియా వాటాకు రెండు బుట్టలొచ్చాయి. ఎనిమిదేళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఆ సాయంత్రం సారాకొట్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. సయోధ్య అంటే ఇదే కాబోలని అయ్యగారు సంతోషించారట. ఒకే మనిషి మీద కోపం వచ్చినంత గట్టిగా శత్రువులను కలిపేది ఇంకోటి లేదని ఆయన చదివిన గ్రీకు పుస్తకాల్లో లేదేమో.

మార్చిలో ఫ్లింట్ మళ్ళీ వచ్చాడు. డీకన్ ఈలోపు మా ఊరి సాక్ష్యాలను నకళ్ళు తీయించి అతనికి పంపిస్తూనే ఉన్నాడు. ఈసారి చలి కాబట్టి గుడిలోనే చెప్పాడు. పాపం, అయ్యగారే పీఠం అప్పగించి ముందు బల్ల మీద కూర్చున్నారు. ఫ్లింట్ ముందు తన సొంత రక్షణ గురించి చెప్పాడు. అడవిలో భయం, గడ్డివాములో నిరాశ, ఒక వాక్యం, ఆపైన గొంతు తగ్గించి, "నది మీద మంచు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క చప్పుడుతో విరిగినట్టు..."

కెజియా మోచేత్తో నన్ను పొడిచింది.

"ఈయనది ఏ ఊరు?"

"సముద్రం ఒడ్డున. మంచినీళ్ళు తప్ప అన్నీ తాగే పట్నం పక్కన." మా అక్కను నవ్వించాలని అన్నాను.

నవ్వలేదు. "ఉప్పు నీళ్ళు," అంది. "ఒడ్డు నుంచి ఒడ్డుకు మంచు కట్టదు."

అతను అబద్ధమాడాడని నేననను. చదివి చదివి, చెప్పి చెప్పి, అది తనకే జరిగిందని నమ్మేశాడు. చెప్పేటప్పుడు నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే ముందు బల్ల వైపు చెయ్యి చాపాడు.

"మీ సాక్ష్యాలన్నీ విన్నాను. మీ కాపరిది వినలేదు. గుడ్డివాడి చెయ్యి పట్టుకుని గుంట దాటుతున్నారేమో, ఎప్పుడైనా అడిగారా?"

గుడి మొత్తం ఒక్క తలలా తిరిగింది. నిజమే, ఎవరూ అడగలేదు. ఇరవయ్యారేళ్ళ కిందట ఆయన కాలేజీ నుంచి వచ్చారు, చుట్టుపక్కల పాస్టర్లు తల మీద చేతులు పెట్టారు, అంతే. బయట మంచులోనే డీకన్, సైలస్ భుజం భుజం కలిపి నిలబడి తీర్మానం చేశారు. వచ్చే బల్ల ఆదివారం అయ్యగారు అందరిలాగే సాక్ష్యం చదవాలి. చదివి సంఘాన్ని ఒప్పిస్తే సరే. లేదంటే పీఠం, ఇల్లు, కట్టెలు అన్నీ వదిలిపెట్టాలి. ఆయనకు యాభై దాటాయి. భార్య పోయింది, పిల్లల్లేరు. పీఠం దిగితే ఆయనకు చేతనైన ఇంకో పని లేదు.

బుధవారం మధ్యాహ్నం వచ్చారు. నేను అటక మీద మూట కుట్టుకుంటున్నాను. కింద పిల్లల వల్లింపు ఆగింది.

"చేతులు ఆపమనలేదు," అంది కెజియా పిల్లలతో. సూదులు మళ్ళీ టిక్కుటిక్కుమన్నాయి. "కూర్చోండి అయ్యగారూ. బూట్లకు ఫర్వాలేదు."

"కెజియా, నాకూ ఒకటి రాసిపెట్టాలమ్మా."

"మీకు నేను రాయడమేమిటండీ."

"అరవై మూడు చదివాను. అరవై మూడూ నీ రాతే. నాలుగు పుటల్లో మనిషిని నరకంలోంచి లాగడం నాకు కాలేజీలో నేర్పలేదు."

ఆవిడ కాగితం తీసిన చప్పుడైంది. అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏ రోజు?"

ఆయన బూట్లు నేల మీద గీరుకున్నాయి.

"ఎక్కడ?"

"మా నాన్న జత ఎద్దులు అమ్మి కాలేజీకి పంపాడు. నాకు పుస్తకాలిష్టం. పాస్టరైతే పుస్తకాల మధ్య బతకొచ్చనుకున్నాను. అది రాస్తావా?"

"ఏ వాక్యం?"

"అన్నీ తెలుసు. ఏదీ తగల్లేదు."

ఆవిడ కలం కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మా అక్క గొంతు వినబడింది, మార్చి బురదలో గుమ్మం దగ్గర వినే మాట.

"ఏమైనా జరిగిందా అయ్యగారూ?"

"ఏం జరగలేదు కెజియా." ఆయన నవ్వారనుకుంటాను. "ఏటేటా ఎందుకు అడిగేవాణ్ణనుకున్నావు? నీకు జరిగితే ఎలా ఉంటుందో నువ్వయితే సరిగ్గా చెబుతావని."

ఆవిడ అంది, "రాయమంటే అరగంటలో రాస్తానండీ. జనం ఏడుస్తారు. ఇల్లు నిలుస్తుంది."

"మంచు పెడతావా?"

"అదడుగుతారు జనం."

"అది రోజర్ పోయిన నాటిది కదమ్మా. ఆ చప్పుడు నేనూ విన్నాను. సైలస్ కాగితంలో చదివినప్పుడే తెలిసింది. ఎందుకిచ్చేశావు దాన్ని?"

"విరిగినట్టుందన్నాడు, చెప్పడం రాదన్నాడు. నా దగ్గర విరిగింది అదొక్కటే ఉంది మరి. ఇంతమంది పంచుకుంటారనుకోలేదు."

"నా కట్టెలు తెస్తూ పోయాడు. దాన్ని చదివి ఆ కట్టెలు నిలబెట్టుకోలేను."

"అయితే ఏం రాయమంటారు?"

"నేను చెప్పింది రాయి. అందరికీ అలాగే కదా రాశావు."

కలం కరకరలాడింది, ఎక్కువసేపు కాదు. పిల్లల్లో ఎవరివో సూదులు ఆగిపోయాయి. ఆగిన సంగతి ఇద్దరి చెవినా పడలేదు.

బల్ల ఆదివారం నాడు గుడి కిక్కిరిసింది. ఫ్లింట్ డీకన్ పక్కన కూర్చున్నాడు. అయ్యగారు పీఠం ఎక్కకుండా, అందరూ నిలబడే చోటే నిలబడి, కాగితం విప్పి చదివారు.

"ఎలిఫలెట్ ట్రాస్క్ అనే నాకు ఫలానా రోజున ఏదీ జరగలేదు. జరుగుతుందని ఎదురుచూశాను, ఇంకా చూస్తున్నాను. జరిగినవాళ్ళను చూసి సంతోషించాను, కొంచెం అసూయ కూడా పడ్డాను. ఈలోగా రోగుల దగ్గరికి వెళ్ళాను, చనిపోయినవాళ్ళను పాతిపెట్టాను, మీకు రొట్టె విరిచాను. ఇంతే."

మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇరవయ్యారేళ్ళలో ఆయన చెప్పిన అతి చిన్న ప్రసంగం. ఎవరికీ కునుకు పట్టలేదు.

ముందు సైలస్ తేరుకున్నాడు. "అది పంతులమ్మ చేతి రాతేనా?"

"ఆవిడదే," అన్నారు అయ్యగారు.

"మరి ఇందులో మంచు లేదేం?"

ఒకరిద్దరు తలలూపారు. అదే అందరి అనుమానం. "ఇది సాక్ష్యం కాదు," అన్నాడు డీకన్. "ఇలాంటివి ఎవడైనా చెప్పొచ్చు." నిజానికి ఇంకెవ్వరూ చెప్పలేదు. అరవై మూడు మందిలో ఒక్కరూ చెప్పలేదు. బల్ల సభ్యులైన మగవాళ్ళు చేతులెత్తారు. వద్దన్నవి ముప్పై ఎనిమిది, ఉండమన్నవి పదిహేడు. ఆయన కూర్చోబెట్టి పాలు పట్టించిన జ్వరాలు ఆ ముప్పై ఎనిమిదిలో ఎన్నున్నాయో నేను లెక్కించగలను, లెక్కించను.

బల్లలో పాలులేనివాళ్ళు బయటికి వెళ్ళవచ్చని డీకన్ ప్రకటించాడు. ప్రతిసారీ అయ్యగారు అనే మాట అది. కెజియా అలవాటుగా లేచింది. నేనూ లేచాను. అయ్యగారు కాసేపు ఎటు పోవాలో తెలియక నిలబడ్డారు. బల్ల పరిచి ఉండగా ఆ గుడిలోంచి బయటికి నడవడం ఆయనకదే మొదటిసారి. తలుపు దగ్గర ఆయన మా వెనకే ఉన్నారు. కెజియా తిరిగి చూసి, నిప్పుల పెట్టె ఆయన చేతికిచ్చింది.

"పిడి పట్టుకోండి. కింద పట్టుకుంటే కాలుతుంది."

మిగిలింది కొంచెమే. ఫ్లింట్‌ను ఆ పీఠం మీదే నిలబెట్టారు. మే నెలలో మా కాలనీని ఏలే హార్ట్‌ఫర్డ్ పెద్దలు ఒక చట్టం చేశారు, పిలవని ప్రసంగీకులు ఊళ్ళ మీద పడి తిరగకూడదని. దాని నకలు గుడి తలుపుకు మేకులు కొట్టి అంటించింది ఫ్లింటే, సొంత గుర్రం మీద స్వారీ చేసినంత ఉత్సాహంగా. ఇప్పుడతనికి పొట్ట వచ్చింది, ప్రసంగానికి పదకొండు భాగాలొచ్చాయి, కట్టెలు తడిగా ఉన్నాయని సంఘంతో తగాదా కూడా వచ్చింది. ఆపిలు చెట్టు కోర్టులో ఉంది. సైలస్ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు ఆవుకు ఆనుకుని ఏడుస్తాడంటారు. అతని మాట మీద నేను ఎన్నడూ నవ్వలేదు.

ట్రాస్క్‌గారు వాగు పక్కన ఒంటి గది అద్దెకు తీసుకున్నారు. వారానికి నాలుగు రోజులు మా అక్క బడికి వచ్చి, ఎవరికీ అక్కర్లేని లాటిన్ పెద్దపిల్లలకు చెబుతారు. మేజోళ్ళు అల్లడం నేర్చుకున్నారు, మడమ దగ్గర తడబడతారు. ఊరు వాళ్ళిద్దరినీ అయ్యగారూ పంతులమ్మా అనే అంటుంది. అలవాటు పోదు.

పోయిన మార్చిలో ఒక బల్ల ఆదివారం, ముగ్గురం ఆదివారపు గదిలో పొయ్యి ముందు కూర్చున్నాం. నేను జమైకాలో ఒక ఓడ కెప్టెన్ తన చిలకకు ప్రార్థన నేర్పిన కథ చెబుతున్నాను, ఇద్దరూ నవ్వుతున్నారు. బయట నది మీద మంచు విరిగే రోజులవి. ఒక చప్పుడు వినబడింది. ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. నేను కథ ఆపాను.

కాసేపటికి ఆయన బూట్లకేసి చూసుకుంటూ, పాత అలవాటు చొప్పున అన్నారు.

"ఏమైనా జరిగిందా కెజియా?"

మా అక్క కుండ మూత తీసి వాసన చూసింది.

"జరిగిందండీ. మీ ఇద్దరి కబుర్లలో పడి గింజలు అడుగంటాయి," అని ముందు ఆయన పళ్ళెంలోకే వడ్డించింది.